ఊరిదాకా తారు రోడ్డు... పొలందాకా?

రోడ్డు పడితే పేదరికం పోతుందని పెద్దలంటారు. అబద్ధమేమీ కాదు. పల్లె రోడ్లకు పెట్టిన ఖర్చు పేదరికాన్ని బాగా తగ్గించిందని అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థవారు 1999లోనే లెక్కగట్టారు. అయితే 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లపై 2020లో అచ్చయిన అధ్యయనం వేరే మాట చెప్పింది. రోడ్డు పడ్డాక జనం సేద్యం వదిలి వేరే పనులకు పోవడం పెరిగింది గానీ, పంటలో, రాబడిలో పెద్ద మార్పు లేదట.

కోసిగి వాళ్లకు ఇది కొత్తా? ఇక్కడ రైలుంది, రోడ్డుంది. వాన తప్పిన ఏడు ఇంటికి తాళమేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గి పోవడమూ ఉంది. రోడ్డు బాగుంటే సుగ్గి బండి తొందరగా చేరుతుంది, అంతే!

ట్రాక్టరున్న ఆసామి పత్తి నేరుగా ఆదోని యార్డుకు పోతుంది. రెండెకరాల రైతు నాలుగు బస్తాలకు బండి బాడుగ పెట్టుకోలేక ఊళ్లోనే దళారికి ఇచ్చేస్తాడు. ఇక నల్లరేగడిలో నాలుగు చినుకులు పడితే బండిబాటంతా బురదే. సరుకు రోడ్డెక్కేదెట్లా?

అందుకే రోడ్డు అడిగేటప్పుడు పొలాల రస్తా కూడా అడగండి. గ్రామసభలో తీర్మానం రాయించండి. ఈలోగా అయిదారుగురు కలిసి ఒకే బండికి లోడు కట్టండి, బాడుగ పంచుకోండి. యార్డులో కాటా దగ్గర మీరే నిలబడండి. రసీదు తీసుకోకుండా మాత్రం తిరిగి రావద్దు.