ఆదాయ ధ్రువపత్రం అడగని చదువు

గత సంచిక చివరి పేజీలో హార్వర్డ్ ఫీజుల గురించి మేము రాసిన నాలుగు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ ఏడాది మేము వేసిన ఏ కథకూ రాలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. ఏడాదికి రెండు లక్షల డాలర్లు, అంతకు లోపు ఆదాయమున్న ఇళ్ల పిల్లలకు డిగ్రీలో ట్యూషన్ ఫీజు ఉండదని ఆ యూనివర్సిటీ 2025 మార్చిలో ప్రకటించింది. అది చాలదు, చేరిన ప్రతి ఒక్కరికీ ఫీజు తీసేయాల్సిందే అన్నాం మేము. అంతే, డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ కూకట్‌పల్లి నుంచీ విరుచుకుపడ్డారు. సగం మంది అడిగింది, ఉన్నవాడికి ఉచితం దేనికని. మిగతా సగం మంది అడిగింది, కథలూ కవితలూ వేసుకోక సాహిత్య పత్రికకు ఈ ఫీజుల గొడవ దేనికని.

రెండో ప్రశ్నకు నొచ్చుకున్నాం కాబట్టి ముందు దాని సంగతి. 2015 జనవరిలో పెద్దన మనుచరిత్ర ఒక పేజీలో తెలుగు లిపిలో పద్యం, ఎదుటి పేజీలో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్‌ల ఇంగ్లీషు అనువాదంతో వెలువడింది. అచ్చువేసింది హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్. ఆ పుస్తకం వెలువడిన గ్రంథమాలకు మూలధనంగా రోహన్ మూర్తి ఇచ్చింది 52 లక్షల డాలర్లు. అప్పుడు హార్వర్డ్ సంగతి సాహిత్య విషయమే అయింది. డబ్బు సంగతి కూడా. 2025 ఆగస్టులో చికాగో యూనివర్సిటీ మానవీయ శాస్త్రాల శాఖల్లో మరుసటి ఏడాదికి పీహెచ్‌డీ ప్రవేశాలు ఆపింది. ఆ జాబితాలో దక్షిణాసియా భాషల శాఖ ఉంది, ఎ.కె. రామానుజన్ పాఠాలు చెప్పిన శాఖ. ఆ యూనివర్సిటీ మూలనిధి దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు. ఈ నిధులు ఎవరివి, ఎవరి కోసం, ఎవరిని అడిగి ఖర్చుపెడతారు అన్న ప్రశ్న సాహిత్య పత్రిక అడగకూడదట. సరే, మేము అడుగుతూనే ఉంటాం.

ఇక మొదటి ప్రశ్న. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. లేనివాడికి ఇవ్వండి, ఉన్నవాడి దగ్గర తీసుకోండి. దీన్ని కాదన్నవాడు ధర్మం తెలియనివాడై పోతాడు. కానీ లేనితనాన్ని తేల్చేది ఎవరు, ఎలా తేలుస్తారు, తేల్చేటప్పుడు ఆ కుర్రవాడి ముఖం ఎలా ఉంటుంది? మన తాతల కాలంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ల కథలు మన సాహిత్యం నిండా ఉన్నాయి. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకొక ఇంట్లో. పెట్టిన వాళ్లు పుణ్యాత్ములే, సందేహం లేదు. కానీ ఏడు గడపల ముందూ నిలబడి, ఇల్లాలు పిలిచేదాకా చూసి, మిగిలినదేదో తిన్న పిల్లవాడు పెద్దయ్యాక రాసిన రాతల్లో అన్నం రుచి కన్నా ఆ గడప ఎత్తే ఎక్కువ గుర్తుంటుంది. ఫీజు రాయితీ ఆ గడపనే ఆఫీసులోకి తెచ్చి పెట్టింది.

జూన్ నెలలో మీసేవ కేంద్రం దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. చేతిలో రేషన్ కార్డు జిరాక్సు, ఆధార్ జిరాక్సు, దరఖాస్తు మీద అతికించిన ఫొటో. ఆర్‌ఐ విచారణ అయిందా, తహసీల్దారు సంతకం అయిందా, మెసేజ్ వచ్చిందా. ఐఐటీల్లో ఏడాది ట్యూషన్ ఫీజు 2016లో తొంభై వేల నుంచి ఒక్కసారిగా రెండు లక్షలకు పెరిగింది. పెంచినవాళ్లు వెంటనే ఒక తాయిలం చూపించారు: లక్ష లోపు ఆదాయం ఉంటే మొత్తం మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల దాకా ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఐదు లక్షల పదివేలు సంపాదించే బడిపంతులు ఏం చేయాలి? ఆ పదివేలు కనపడకుండా చేయగల వ్యాపారి మాఫీ తీసుకుంటాడు. జీతం చీటీ ఉన్న పంతులు చూస్తూ ఉంటాడు. హార్వర్డ్ గీత రెండు లక్షల డాలర్ల దగ్గర ఉంది కాబట్టి మనకు ఉదారంగా కనిపిస్తుంది. గీత ఎంత దూరంలో గీసినా అది గీతే. దాన్ని గీసే చేయి మాత్రం వాళ్లదే, రేపు వెనక్కి జరిపేదీ వాళ్లే.

రాయితీ గడప దగ్గరే పేదపిల్లలు ఆగిపోతారన్నది మా ఊహ కాదు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ఒక ప్రయోగం చేసింది. రాష్ట్రంలోని ప్రభుత్వ హైస్కూళ్లలో బాగా చదివే పేద పిల్లలను ఎంచి, కొందరికి కవర్లు పంపింది. లోపలి ఉత్తరం చెప్పింది ఒకటే: నీకు సీటొస్తే నాలుగేళ్లూ ట్యూషన్ ఫీజు లేదు, ఆర్థిక సాయం ఫారాలేవీ నింపక్కర్లేదు. అదనంగా ఇచ్చిన డబ్బు దాదాపు ఏమీ లేదు. మామూలు పద్ధతిలో ఫారాలు నింపినా ఆ పిల్లలకు దాదాపు అంతే సాయం అందేది. ఉత్తరం అందని పిల్లల్లో దరఖాస్తు చేసినవాళ్లు 26 శాతం. అందినవాళ్లలో 68 శాతం. చేరినవాళ్లు 12 నుంచి 27 శాతానికి పెరిగారు. సూసన్ డైనార్‌స్కీ బృందం పరిశోధన ఇది. పేదపిల్లవాణ్ని ఇన్నాళ్లూ గేటు బయట నిలబెట్టింది ఫీజు కూడా కాదు; ఫీజు మాఫీ కోసం తన పేదరికాన్ని రుజువు చేసుకోవలసి రావడం. మాఫీ దొరుకుతుందో లేదో ముందు తెలియకపోవడం. ‘ఉన్నవాడికి ఉచితమా’ అని గుండెలు బాదుకునే పెద్దమనుషులు లేనివాడి చేత నింపించే ఫారాన్ని ఒక్కసారి తాము నింపి చూడాలి.

ఆ ఫారాల వెనక సూత్రాలు ఎవరు రాస్తారో కూడా చూద్దాం. సాయం లెక్కగట్టే పద్ధతిని తమలో తాము కూడబలుక్కుని సాయాన్ని తగ్గించుకున్నారని 2022లో అమెరికాలో పదహారు పేరున్న యూనివర్సిటీల మీద దావా పడింది, తరవాత పదిహేడోదీ చేరింది. తప్పు ఒప్పుకోకుండానే యేల్, కొలంబియా, చికాగో వగైరా డబ్బు కట్టి రాజీ చేసుకున్నాయి. ఆ జాబితాలో హార్వర్డ్ లేదు, నిజమే. కానీ హార్వర్డ్ మీద నడిచిన ఇంకో దావాలో బయటపడిన అంకెలున్నాయి: పూర్వవిద్యార్థుల పిల్లలు దరఖాస్తు చేస్తే సీటొచ్చినది సుమారు మూడింట ఒకరికి, మిగతావాళ్లలో నూటికి ఆరుగురి లోపే. డబ్బున్నవాడికి అక్కడ అసలు రాయితీ ఫీజులో కాదు, సీటులో దొరుకుతోంది. ఫీజు పూర్తిగా కడుతున్నాను కదా అన్న ధీమాతో ఆ సీటు తన కొనుగోలే అనుకుంటాడు. అందుకే అందరికీ ఫీజు తీసేయమంటున్నాం. ఉన్నవాడి పట్ల జాలి కాదు, వాడి చేతిలోంచి రసీదు లాక్కోవాలని.

లెక్క కూడా చూద్దాం, పెద్దగా పట్టదు. 2025 జూన్ నాటికి హార్వర్డ్ మూలనిధి 5,690 కోట్ల డాలర్లు. మన రూపాయల్లో దాదాపు ఐదు లక్షల కోట్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏ ఒక్కదాని ఏడాది బడ్జెట్ కన్నా ఎక్కువ. డిగ్రీ విద్యార్థులు సుమారు ఏడు వేల మంది, 2025–26లో ఏడాది ఫీజు 59,320 డాలర్లు. ఒక్కరికీ మాఫీ లేదనుకున్నా మొత్తం 42 కోట్ల డాలర్లు దాటదు. మూలనిధి నుంచి 2024లో ఖర్చుకు తీసింది 240 కోట్లు. నిధిలో చాలా భాగం దాతలు ఫలానా పనికే అని రాసిచ్చారనీ, 2025లో ట్రంప్ ప్రభుత్వం పరిశోధన గ్రాంట్లు ఆపేసిందనీ అంటారు. నిజమే, అయినా ఏటా తీసేదాంట్లో ఆరో వంతు దొరకని ఖజానా కాదది.

ఈ మాట మొదట అన్నది మేము కాదు. 2016లో రాన్ ఉంజ్ అనే పూర్వవిద్యార్థి, రాల్ఫ్ నాడర్‌తో కలిపి ఐదుగురి జట్టుగా, ఉచిత ట్యూషన్ నినాదంతో హార్వర్డ్ పర్యవేక్షక మండలి ఎన్నికల్లో నిలబడ్డారు. ఐదుగురూ ఓడారు. ఉంజ్ గారి మీద మాకు ప్రేమేమీ లేదు. 1998లో కాలిఫోర్నియా బడుల్లో రెండు భాషల బోధనను దాదాపు ఊడ్చేసిన ప్రతిపాదన ఆయనదే. తెలుగు మీడియం గోడు ఎరిగిన మన పాఠకులకు అంతకు మించి చెప్పనక్కర్లేదు. జాతి ఆధారిత ప్రవేశాల మీద కోపాన్ని కూడా ఆ నినాదంతో ముడిపెట్టి మంచి మాటను చెడగొట్టారు.

ఉచితంగా నడిపితే చదువు విలువ పోతుందని ఉత్తరం రాసిన ఒకరి బెంగ. న్యూయార్క్‌లో కూపర్ యూనియన్ ఉంది. బడి ముఖం సరిగా చూడని పీటర్ కూపర్ అనే జిగురు వ్యాపారి 1859లో పెట్టాడు. ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, చిత్రకళ చదివేవాళ్ల నుంచి శతాబ్దానికి పైగా ట్యూషన్ తీసుకోలేదు, తండ్రి ఏం చేస్తాడని అడగలేదు. క్రైస్లర్ భవనం కింది స్థలం కూడా ఆ సంస్థదే. ఉచితం వల్ల అది మునగలేదు. కొత్త భవనం మోజులో ఆ స్థలం తాకట్టు మీద 17.5 కోట్ల డాలర్లు అప్పు తెచ్చి, 2014లో చేరినవాళ్ల నుంచి ఫీజు మొదలుపెట్టింది. విద్యార్థులు అధ్యక్షుడి గదిలో బైఠాయించారు. ఇప్పుడు మెల్లగా వెనక్కి నడుస్తోంది. 2024లో ఆఖరి ఏడాది వాళ్లకు ఫీజు తీసేశారు.

మన శ్రీమంతుల సంగతి చెప్పకపోతే అన్యాయం. 2010లో హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు టాటాలు ఇచ్చింది ఐదు కోట్ల డాలర్లు. అదే ఏడాది ఆనంద్ మహీంద్రా అక్కడి మానవీయ శాస్త్రాల కేంద్రానికి కోటి డాలర్లు. నిండిన చెరువులోకి నీళ్లు తోడడం వాళ్ల ఇష్టం. కానీ ఆ రాళ్ల మీద మన పేర్లు చెక్కించుకున్నాక, ఆ గేటు దగ్గర ఆదాయం అడగొద్దని చెప్పే హక్కు మనకూ కొంత వచ్చినట్టే.

మన పిల్లల్లో ఎక్కువ మంది వెళ్లేది హార్వర్డ్ డిగ్రీకి కాదు, ఎక్కడో ఒకచోట ఎంఎస్‌కు. పొలమో ఇల్లో కుదువపెట్టి. ధనిక యూనివర్సిటీల్లో కూడా రెండు లక్షల డాలర్ల ఔదార్యం వాళ్లకు వర్తించదు. ఇక్కడే ఒక విచిత్రం. 2025 జూలైలో అమెరికా చేసిన చట్టం, విద్యార్థి తలకు ఇరవై లక్షల డాలర్లకు పైగా నిధి ఉన్న యూనివర్సిటీల పెట్టుబడి ఆదాయం మీద పన్నును ఎనిమిది శాతానికి పెంచింది. కానీ ఈ పన్ను పడేది ఫీజు కట్టే విద్యార్థులు మూడు వేలకు తగ్గని చోటనే. ‘ఫీజు కట్టే’ అన్న షరతు 2018లో కెంటకీలోని బెరియా కాలేజీ కోసం చేర్చారు. 1892 నుంచి అక్కడ ట్యూషన్ లేదు, పిల్లలు చీపుర్లు కట్టడం సహా ఏదో ఒక పని చేస్తూ చదువుతారు. హార్వర్డ్‌లో డిగ్రీ వాళ్ల ఫీజు ఒక్కటే తీసేస్తే ఫీజు కట్టేవాళ్ల సంఖ్య మూడు వేల లోపుకు దిగదు. ఎంఎస్ వాళ్లది, న్యాయశాస్త్రం వాళ్లది, మిగతా పైచదువుల వాళ్లదీ తీసేయాలి. ధర్మం చెప్పి ఒప్పించలేని పనికి అక్కడి ఆడిటర్లు ఈపాటికి కాగితం మీద కూడికలు వేసే ఉంటారు.