మిస్సింగ్ కొడుతున్న బండి



నల్లగొండ బత్తాయి, పాలమూరు వేరుశనగ మోసే పికప్ బండ్లు మనకు తెలుసు. నాలుగు సిలిండర్లలో ఒకటి కొట్టకపోతే బండి వణుకుతుంది, పొగ కక్కుతుంది, గుట్ట ఎక్కలేదు. అయినా ఆగదు. మిగతా మూడూ దాని బరువు కూడా మోస్తాయి.

పాత డీజిల్ ఇంజన్ అయితే మెకానిక్ ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటే కొద్దిగా వదులు చేసి చప్పుడు వింటాడు. చప్పుడు మారితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. తేడా రాకపోతే జబ్బు అక్కడే. కొత్త కామన్ రైల్ బండికి మాత్రం ఇలా చేయవద్దు. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. దానికి స్కానర్ పెట్టాలి.

సంఘమూ ఇంతే అంటాం మేము. ఆదివారం ఎవరు రాకపోయినా మనకు తేడా తెలియదో, మన జబ్బు అక్కడే ఉంది. మనమేమో వెంటనే "ఆయన విశ్వాసం చల్లారింది" అనేస్తాం. మంచి మెకానిక్ అలా తీర్పు చెప్పడు. ముందు ఆ సిలిండర్‌కు డీజిల్ అందుతున్నదా అని చూస్తాడు. ఒక్కోసారి నాజిల్ బాగుచేస్తే చాలు, ఇంజన్ దించే పనే ఉండదు.

మరి ఆ సహోదరునికి మన పలకరింపు, మన ప్రార్థన అందుతున్నాయా? 1 కొరింథీ 12వ అధ్యాయం చదివి, ఈ వారమే ఆ ఇంటి తలుపు తడదాం.