ఆయాసమంతా వయసుదేనా?

మా కల్లూరు ప్రాంతంలో డెబ్బయ్యేళ్ల వారికి ఆయాసం వస్తే ‘వయసు కదా’ అంటారు. సర్వీసులో నేనూ అలా కొందరిని బలం మాత్రలిచ్చి పంపానేమో! బృహద్ధమని కవాటంలో కాల్షియం పేరుకొని అది బిగుసుకుపోయినా ఆయాసమే వస్తుంది; ఛాతీనొప్పి, స్పృహ తప్పడం కూడా. ఈ లక్షణాలు ముదిరాక కవాటం మార్చకుంటే దాదాపు సగం మంది రెండేళ్లు దాటరు. మందులతో అది తెరుచుకోదు.

ఒకప్పుడు ఛాతీ కోయడమొక్కటే మార్గం. 2002 ఏప్రిల్‌లో ఫ్రాన్సులో డాక్టర్ అలాఁ క్రిబియే తొడ రక్తనాళం గుండా గొట్టంతో కొత్త కవాటాన్ని అమర్చారు. నేడు హైదరాబాదులోనూ అమరుస్తున్నారు. దేశంలోనే తయారైన కవాటాలూ ఉన్నాయి. ఖర్చు మాత్రం లక్షల్లోనే. ప్రభుత్వం భరించాలన్నది నా అభిప్రాయం.

అయితే జబ్బు బయటపడేది స్టెతస్కోపుతోనే. గుండెలో మర్మర్ వినిపిస్తే ఎకో చేయించాలి. ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ ఆ యంత్రమూ, దానిని చదవగలిగిన వైద్యుడూ ఉండాలి.