డిగ్రీ పేరు పోయినా శిక్షణ పోకూడదు

సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను నిర్వచిస్తూ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సోషల్ వర్క్ పీజీ మీద, పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణతో కూడిన రెండేళ్ల ఎం.ఫిల్. ను పేర్కొంది. 2020 జాతీయ విద్యావిధానం ఎం.ఫిల్. నే వద్దంది. యూజీసీ సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎం.ఫిల్. కు మాత్రం 2025-26 వరకు గడువు పొడిగించింది. ఒక చేత్తో అడిగి మరో చేత్తో తీసేసిన ఈ చిక్కే మా సంచికకు ప్రేరణ.

పల్లెల్లో మనిషే దొరకనప్పుడు ఇంత చదువెందుకని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. బాధితులను గుర్తించి ఆసుపత్రికి పంపడానికి ఆశా కార్యకర్తలు చాలు. ఆత్మహత్య ముప్పును అంచనా వేయడం, మందులు మానేసినవారి కుటుంబంతో మాట్లాడటం మాత్రం సరిదిద్దే సీనియర్ పక్కనుంటేనే పట్టుబడతాయి. ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం ఆ పర్యవేక్షణే. డిగ్రీ పేరు మీద మాకు పట్టింపు లేదు. వార్డులో గడిపే గంటలు తగ్గకూడదు. కాదనిపిస్తే మాకు రాయండి, అచ్చువేస్తాం.