నోకాలికాయ్ పోదాం, కానీ ఎట్లా పోదాం?



మేఘాలయ టూర్ గురించి గ్రూపులో రెండు వారాలుగా మాటలు నడుస్తున్నాయి. పోవాలా వద్దా అన్నది దాదాపు తేలింది, పోదాం అనేవాళ్లే ఎక్కువ. ఎప్పుడు పోవాలి, ఎవరి ద్వారా పోవాలి అన్న దగ్గరే ఆగిపోయాం. నీళ్లు నిండుగా ఉండేది జులైలోనే కాబట్టి అప్పుడే పోవాలని కొందరు. ఏజెంటుకు డబ్బు కట్టేస్తే రైలు దిగిన దగ్గర్నుంచి అంతా వాళ్లే చూసుకుంటారని ఇంకొందరు. ప్లాన్ రాసే పని మా ఐదుగురికి అప్పజెప్పారు కాబట్టి మా అభిప్రాయం దాచుకోకుండా పెడుతున్నాం. ఈ రెండు మాటలకూ మేం ఒప్పుకోవడం లేదు.

తెలియని వాళ్ల కోసం ముందు కొంచెం చెప్తాం. నోకాలికాయ్ జలపాతం ఖాసీ కొండల్లో, సోహ్రా దగ్గర ఉంది. బడి పుస్తకంలో చిరపుంజి అని చదువుకున్నామే, అక్కడి వాళ్లు ఆ ఊరిని పిలిచే పేరు సోహ్రా. కొండ అంచు నుంచి నీళ్లు ఒకే దూకున 340 మీటర్ల కిందికి పడతాయి. మన కుంటాల సుమారు 45 మీటర్లు. ఏడు కుంటాలలు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఇంకా మిగులుతుంది. ఏడాదికి సగటున 11 వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోటు అది. 1860 ఆగస్టు నుంచి 1861 జులై దాకా 26,461 మిల్లీమీటర్లు పడింది, ఆ రికార్డు ఇప్పటికీ అట్లాగే ఉంది. కొండపైన ఎక్కువగా గడ్డి మైదానమే. లోయల్లోకి దిగితే మాత్రం ఎండ నేలను తాకనంత అడవి.

"మనకు బొగత లేదా, కొత్తపల్లి లేదా, అంత దూరం ఎందుకు?" అని ఒక అన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జలపాతం ఒక్కటే అయితే మేమూ వద్దనేవాళ్లం. కానీ ఆదివాసీలే ఎక్కువమంది ఉన్న రాష్ట్రం, టీచరూ ఆఫీసరూ ఎమ్మెల్యే కూడా వాళ్లవాళ్లే అయిన చోటు మనలో ఎంతమంది చూశాం? ఇంకో సంగతి. ఖాసీ భాష ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబానిది. మన సవర, గదబల గుతోబ్ భాష కూడా ఆ కుటుంబానివే. అంటే మన సవర, గదబ తమ్ముళ్లు అక్కడ వాళ్ల భాషకు దూరపు చుట్టాన్ని వింటారు. ఇది ఏ టూర్ ప్యాకేజీలోనూ రాయరు.

ఇక అసలు మాట. మాలో ఒకరి ఊరు ఒక జలపాతం పక్కనే ఉంది, ఊరి పేరు ఇక్కడ వద్దు. వానాకాలం ఆదివారం వస్తే కార్లు ఊరి దారంతా నిండిపోతాయి. పొలం గట్టు మీద సీసాలు పగలగొట్టి పోతారు. ఒకసారి వాకిట్లో విప్పపువ్వు ఎండబెడుతున్న అవ్వ ముఖం మీద ఫోన్ పెట్టి వీడియో తీశారు. వద్దు బిడ్డా అని అవ్వ చెయ్యి అడ్డం పెడితే నవ్వారు. ఆ వీడియో తర్వాత మన ఫోన్లకే వచ్చింది. "అడవి మనుషులు" అని కింద రాసి ఉంది. ఆ రోజు మనకు ఎంత మండిందో గుర్తుందా?

రేపు సోహ్రాలో మనమే ఆ కార్లో వాళ్లం అవుతాం. మనమూ ఆదివాసీలమే కదా అనుకుంటే సరిపోదు, అది మన ముఖం మీద రాసి ఉండదు. మన జలపాతం దగ్గర మనకు ఏది నచ్చలేదో అది అక్కడ మనం చేయకూడదు. ప్లాన్‌లో ప్రతి అడుగూ ఈ ఒక్క మాటతో కొలుచుకుంటే చాలని మా అభిప్రాయం.

మొదట సమయం. జులై, ఆగస్టుల్లో నీళ్లు నిండుగా ఉంటాయి, నిజమే. కానీ మబ్బు కొండ మీదే కూర్చుంటుంది. గంటలు గంటలు నిలబడినా తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. దారుల్లో కొండచరియలు విరిగి పడతాయి. డిసెంబరు దాటితే ధార సన్నబడిపోతుంది. అందుకే అక్టోబరు మంచిది. నీళ్లు ఇంకా ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది. దసరా సెలవుల్లో పోయి రావాలి. దీపావళి దగ్గరపడితే దండారి మొదలవుతుంది, అప్పుడు గోండు తమ్ముళ్లు ఎవరూ ఊరు వదలరు, వదలకూడదు కూడా.

తర్వాత దారి, డబ్బు. రైల్లో గువాహటి దాకా రెండు రాత్రులు పైనే. అక్కడి నుంచి షిల్లాంగ్ సుమారు 100 కిలోమీటర్లు, షిల్లాంగ్ నుంచి సోహ్రా ఇంకో 50 పైన. రెండు చోట్లా షేర్ సుమోలు ఉంటాయి. స్లీపర్‌లో పోయి, తిండి ఖర్చు చూసుకుంటే తలకు 10 వేలు దాటదని మా అంచనా. ఏజెంటు ప్యాకేజీలో షిల్లాంగ్ హోటల్లో పడుకుని, ఒక్కరోజులో సోహ్రా చుట్టూ ఐదారు పాయింట్లు తిప్పుతారు. పాయింటుకు ఇరవై నిమిషాలు, నాలుగు ఫోటోలు, మళ్లీ బండి. మన డబ్బు అక్కడి ఊళ్లకు చేరేది టీ డబ్బులంత. దానికి బదులు సోహ్రాలో ఎవరింట్లోనైనా రెండు రాత్రులు, కింద నోంగ్రియాట్‌లో ఒక రాత్రి ఉందాం. టిర్నా నుంచి నోంగ్రియాట్‌కు మూడు వేలకు పైగా మెట్లు దిగాలి. అక్కడ రబ్బరు మర్రి వేళ్లను బతికుండగానే అల్లి, తరతరాలుగా పెంచిన రెండంతస్తుల వంతెన ఉంది. మన పెద్దలు అడవితో ఎట్లా బతికారో చెప్తే పుస్తకాల వాళ్లు నమ్మరు. ఆ వంతెన మీద నడిచి వచ్చి చెప్పొచ్చు.

చెల్లెళ్ల ఇళ్లలో ఒప్పించాలంటే మనం ఉండే ఇళ్ల ఫోన్ నంబర్లు ముందే అమ్మానాన్నలకు ఇద్దాం. ఇద్దరు పెద్ద అక్కలు వెంట రావాల్సిందే. ఆదివారం సోహ్రాకు ప్రయాణం పెట్టుకోవద్దు. ఖాసీల్లో ఎక్కువమంది క్రైస్తవులు, ఆరోజు చర్చికి పోతారు, బండ్లూ దుకాణాలూ తక్కువ. ఇంకోటి, లోకంలో అంత వాన పడే ఊళ్లోనే చలికాలం తాగునీటికి కటకట. కొండ మీద నీరు నిలవదు. అక్టోబరులోనే పోయినా బకెట్ నీళ్లతోనే స్నానం కానిద్దాం.

ఫోటోల గురించి కూడా ఒక మాట. నోకాలికాయ్ అంటే లికాయ్ దూకిన చోటు. లికాయ్ ఒక తల్లి. మొగుడు చనిపోతే కూలి చేసి బిడ్డను సాకింది, తర్వాత మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ బిడ్డ మీద అసూయతో రెండో మొగుడు బిడ్డను చంపి వండాడు. ఆమె తెలియక తిన్నది. తిన్నాక వక్కల బుట్టలో బిడ్డ వేళ్లు కనిపించాయి. పరుగెత్తి అక్కడి నుంచి దూకేసింది. ఖాసీలు చెప్పుకునే కథ ఇది. ఆ రెయిలింగ్ దగ్గర డాన్స్ రీల్ చేసే ముందు ఎవరి కథ మీద నిలబడ్డామో గుర్తు పెట్టుకుందాం. మనుషుల్ని తీయాలంటే అడిగి తీద్దాం.

చూసి రావడంతో అయిపోకూడదు, అడిగి రావాలి. మేఘాలయ ఆరో షెడ్యూల్ కింద ఉంది. ఖాసీ కొండలకు సొంత అటానమస్ జిల్లా కౌన్సిల్ ఉంది. అడవిలో ఎక్కువ భాగం వంశాల చేతుల్లో, ఊళ్ల చేతుల్లో ఉంటుంది. మనది ఐదో షెడ్యూల్. మనకు 1/70 ఉంది, 1996 నాటి పెసా ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అయినా మన జలపాతం దగ్గర షాపు ఎవరు పెట్టాలో గ్రామసభ చెప్తే వినేవాళ్లు ఎంతమంది? అక్కడ టికెట్ డబ్బు ఎవరి దగ్గరికి పోతుంది, చెత్త ఎవరు తీస్తారు, బయటివాళ్లు హోటల్ కడతామంటే ఊరు ఏం చెప్తుంది, ఈ మూడు ప్రశ్నలు ప్రతి ఇంట్లో అడుగుదాం. జవాబులు రాసుకొచ్చి మన గ్రామసభల్లో చదువుదాం.

అక్కడంతా స్వర్గమని మేం అనడం లేదు. సోహ్రా చుట్టూ సున్నపురాయి తవ్వకాలున్నాయి. ఆస్తి చిన్న కూతురికి వస్తుంది కానీ, ఊరి దర్బారులో కూర్చునేది మగవాళ్లే అన్నది పాత ఆచారం. వాళ్ల తప్పుల నుంచీ నేర్చుకోవచ్చు.

ఇదీ మా మాట. కాదనేవాళ్లు ఎందుకు కాదో రాయండి, ఏజెంటు ప్యాకేజీ కావాలనేవాళ్లు కూడా. వచ్చే ఆదివారం లోపు పేర్లు ఇస్తే రైలు టికెట్లు తీస్తాం. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు గ్రూపులో చెప్పక్కర్లేదు, మాలో ఎవరికైనా విడిగా మెసేజ్ పెట్టండి, చూసుకుందాం. మనవాళ్లు ఎవరూ డబ్బు లేక ఆగిపోకూడదు.

జోహార్.