మెకానిక్ కూలి: బిల్లులో కనిపించని లెక్క

రిపేరు పూర్తయ్యాక స్పేర్ పార్టులకు ఎంతయిందో మెకానిక్ ఠక్కున చెబుతాడు. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ ఉంటుంది కాబట్టి దానిపై పెద్దగా వాదన రాదు. కూలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'మీరే చూసి ఇవ్వండి' అంటాడు, లేదా ఒక అంకె చెప్పి బేరానికి సిద్ధపడతాడు. బైకులు, పొలాల్లోని ఆయిలింజన్లు, పవర్ స్ప్రేయర్లు బాగుచేసే చిన్న షాపుల్లో ఇది రోజూ కనిపించేదే. ఇన్నాళ్లూ వాటిని నిలబెట్టిన ఈ పద్ధతే ఇప్పుడు వాటికి భారమవుతోంది.

కంపెనీ సర్వీస్ సెంటర్లలో లెక్క వేరు. ఏ పనికి ఎంత సమయం పడుతుందో ముందే నిర్ణయించి, దాన్ని గంట రేటుతో గుణిస్తారు. మెకానిక్ ముందే ముగించినా, ఆలస్యం చేసినా బిల్లు మారదు. చిన్న షాపులో గంటల ప్రస్తావనే ఉండదు. క్లచ్ ప్లేట్లు మార్చితే ఇంత, ఇంజన్ విప్పి పిస్టన్ రింగులు వేస్తే ఇంత అని పనికో రేటు. ఆ రేటు కూడా సొంత ఖర్చుల నుంచి పుట్టదు. వీధి చివరి షాపు ఎంత తీసుకుంటోందన్నదే కొలమానం.

అలా తగ్గించుకున్న కూలిని మెకానిక్ పార్టుల్లో రాబట్టుకుంటాడు. హోల్‌సేల్ దుకాణంలో తగ్గింపు ధరకు కొన్న సామాను ఎంఆర్‌పీకి బిగిస్తే మిగిలే తేడాయే అతని అసలు జీతం. కూలి తక్కువేనని బండి యజమానికీ తృప్తి. కానీ ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. కార్బురేటర్‌ను ఓపికగా విప్పి, శుభ్రం చేసి, మళ్లీ పనిచేయించిన వాడికి దక్కేది స్వల్పం. అదే కార్బురేటర్‌ను మార్చేసిన వాడికి లాభం. నిజాయితీగా బాగుచేసినవాడే నష్టపోతాడు.

ఆ తేడా కూడా ఇప్పుడు కరిగిపోతోంది. పార్టులు ఆన్‌లైన్‌లో కొని తెచ్చి 'బిగించి పెట్టు' అనే వాహనదారులు పెరుగుతున్నారు. మరోవైపు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక కొత్త బైకుల్లో చాలావరకు కార్బురేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సర్లు చేరాయి. లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి స్కానర్ కావాలి, సమయం కావాలి. తీరా వైరు కనెక్టర్ వదులైందని తేలితే అమ్మడానికి పార్టే ఉండదు. ఎలక్ట్రిక్ స్కూటర్లకైతే ఇంజన్ ఆయిలూ, పిస్టనూ అక్కర్లేదు.

మరి గంటకు ఎంత రావాలి? ఒక షాపుకు అద్దె, కరెంటు, చేతికింద కుర్రాడి జీతం, పనిముట్ల అరుగుదల కలిపి నెలకు రూ.30,000 ఖర్చు అనుకుందాం. యజమానికి మరో రూ.25,000 మిగలాలి. మొత్తం రూ.55,000. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 208 గంటలు. ఆ లెక్కన గంటకు రూ.264 చాలనిపిస్తుంది. కానీ సామాను తేవడం, బండి కోసం ఎదురుచూడటం, ఊరికే సలహాలివ్వడం పోగా డబ్బొచ్చే పని రోజుకు 5 గంటలే ఉంటే, మిగిలేవి 130 గంటలు. అప్పుడు గంటకు రూ.423 రావాలి. షాపులు మునిగేది ఈ రెండు అంకెల మధ్యే.

విధానాల్లోనూ ఈ నైపుణ్యానికి చోటు తక్కువే. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు పనిముట్ల సాయం, పూచీకత్తు లేని రుణం ఇస్తోంది. ఆ జాబితాలో కమ్మరి, తాళాలు చేసేవారు ఉన్నారు, మోటార్ మెకానిక్ లేరు. విడిభాగాలను, లోపాలు పట్టే పరికరాలను బయటి షాపులకు అందకుండా చేస్తున్నాయంటూ 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు జరిమానా విధించింది. 2022 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్ వాహనాలతో పాటు వ్యవసాయ యంత్రాలనూ తన పరిధిలోకి తెచ్చింది. అయితే మాన్యువల్ అందుబాటులోకి వచ్చినంత మాత్రాన దాన్ని చదివి లోపం పట్టిన వాడికి కూలి గిట్టుబాటు కాదు.

షాపు స్థాయిలో చేయగలిగింది కొంత ఉంది. పరీక్షకు ఇంత అని ముందే చెప్పి, రిపేరు అక్కడే చేయించుకుంటే బిల్లులో మినహాయించవచ్చు. మామూలు పనుల రేట్లు బోర్డు మీద రాయవచ్చు. వాహనదారు తెచ్చిన పార్టుకు కూలి కాస్త ఎక్కువని, దానికి గ్యారంటీ ఉండదని ముందే చెప్పవచ్చు. మొదట్లో కొందరు పక్క షాపుకు వెళ్తారు. ఒక్క షాపే రేటు మార్చితే నష్టపోతుంది కాబట్టే ఈ మార్పు నెమ్మదిగా సాగుతోంది.

కూలి పెరిగితే వాహనదారుడి మొత్తం ఖర్చు పెరిగి తీరుతుందనీ లేదు. పార్టు అమ్మితేనే బతుకు గడిచే మెకానిక్, అక్కర్లేని పార్టు కూడా మార్చాలనే చూస్తాడు. పనికి తగిన డబ్బు పనికే వస్తే, 'దీన్ని మార్చక్కర్లేదు' అని చెప్పే ధైర్యం అతనికి ఉంటుంది.