చారల అజ్దహా: ఊహకూ ఒక నియమం

లేని జంతువును కల్పించడం మానవునికి కొత్త విద్య కాదు. సింహదేహానికి ఏనుగు తొండం తగిలించి విజయనగర కాలపు మండపాలలో యాళులను నిలబెట్టిన శిల్పి అట్టి మృగాన్ని ఏ అడవిలోనూ చూచి ఉండడు. టిప్పూ సుల్తాను తన కొరకు చేయించుకొన్నది నిజానికి సింహాసనం కాదు, వ్యాఘ్రాసనం. దాని ఛత్రం మీద రత్నఖచితమైన హుమా పక్షి ఉండేది. హుమాను కళ్లారా చూచినవారెవ్వరూ లేరు. పారశీక కవుల అజ్దహా, చీనీయుల డ్రాగను, తెలుగు బైబిలులోని ఘటసర్పము – ఇవన్నీ మానవుని ఊహ పెట్టిన గుడ్లనుండి పుట్టినవే.

నేడు ఈ కల్పన కంప్యూటరు తెరమీదికి వచ్చినది. 1996లో జపానులో విడుదలైన తమగోచి, అరచేతిలో ఇమిడే యంత్రంలో ఒక పెంపుడు ప్రాణిని చూపి, వేళకు తిండి పెట్టుమని పిల్లలను కోరినది. 1999లో నియోపెట్స్ వచ్చినది. 2013లో ప్రారంభమైన ఫ్లైట్ రైజింగ్ అను ఆటలో డ్రాగన్లను పెంచి, జత కూర్చి, గుడ్లు పొదిగించవచ్చును. తల్లిదండ్రుల రంగులూ మచ్చలూ పిల్లలకు ఎట్లు సంక్రమించవలెనో ఆ ఆటలో నియమాలున్నవి. పులిచారలనిచ్చే జన్యువు కూడ అందులో ఒకటి. ఇట్టి ఆటల కొరకు కొత్త ఉపజాతులను ఊహించి, బొమ్మలు గీచి, గుణగణాలు వ్రాసుకొనే అభిరుచి దేశదేశాల యువతలో ఉన్నది. మన విద్యార్థులలోనూ కొందరి నోటుపుస్తకాల చివరి పుటలు అందుకు సాక్ష్యమిచ్చును.

దీనిపై రెండు అభిప్రాయాలు వినవచ్చుచున్నవి. ఇది కాలహరణమని పెద్దలు. ఇది కేవలం ఆట, ఇందులో ఆలోచించవలసినది ఏమున్నదని పిన్నలు. మాకు ఈ రెండును సమ్మతం కావు. ఒక ప్రాణిని కల్పించడం పద్యం కట్టడం వంటిది. ఛందస్సు తెలిసినవానికి అది విద్య. తెలియనివానికి అక్షరాల పోగు. పులి పోలికతో ఒక డ్రాగన్ ఉపజాతిని నిర్మింపగోరు విద్యార్థి ఏ ఛందస్సును పాటింపవలెనో వివరించుటయే ఈ వ్యాసోద్దేశం.

మొదటి మాట: డ్రాగన్ బొమ్మకు నారింజరంగు పూసి నల్లని గీతలు గీచినంత మాత్రాన అది పులి కాజాలదు. చార అలంకారం కాదు, అవసరం. పులి వెంటాడి అలసిపోయే మృగం కాదు. పొంచియుండి ఒక్కసారిగా దూకే మృగం. నిలువుచారలు దాని ఆకారపు అంచులను గడ్డిలో కలిపివేయును. మన కంటికి మండుచున్నట్లు కనిపించే ఆ నారింజరంగు, ఎరుపును గుర్తింపలేని జింకల కంటికి ఆకుపచ్చకు దగ్గరగా తోచును. వెంట్రుకలు గొరిగినను చారల జాడ చర్మంపై నిలిచియుండును. ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. ఇట్టి చారలూ మచ్చలూ ఎట్లు ఏర్పడగలవో 1952లో అలన్ ట్యూరింగ్ అను ఆంగ్ల గణితవేత్త ఒక వ్యాసంలో ప్రతిపాదించెను. ఒకటి ప్రేరేపించునది, ఒకటి నిరోధించునది – ఇట్టి రెండు పదార్థాలు వేర్వేరు వేగాలతో వ్యాపించినచో, ఏ చిత్రకారుడూ లేకుండగనే చిత్రం ఏర్పడునని ఆయన సిద్ధాంతం. కంప్యూటరు శాస్త్రానికి పునాదులు వేసిన ఆ మహనీయుడే పులిచారల వంటి రూపాలకు లెక్క కట్టుట మన విద్యార్థులు గమనింపదగిన విశేషం.

చార విలువ తెలిసిన రూపశిల్పి టిప్పూ సుల్తాను. బబ్రీ అను ఆ పులిచారను ఆయన తన సైనికుల దుస్తులపై ఉంచెను, ఆయుధాలపై చెక్కించెను. దానిని ఊరక అలంకారంగా గాక, అర్థవంతమైన చిహ్నంగా వాడెను. మన చిత్రకారులు అనుసరింపవలసిన మార్గం ఇదియే.

రెండవ మాట: ఉపజాతి అనగానేమి? రంగు మారినంతనే ఉపజాతి కాదు. ఒక జాతిలోని కొంత భాగం ఒక నేలకు చేరి, అచ్చటి చలికీ ఎండకూ ఆహారానికీ తగినట్లు తరతరాలుగా మారినపుడే ఆ పేరు చెల్లును. శాస్త్రజ్ఞులకు సైతం ఇది తేలికగా తెగే తగవు కాదు. పులులలో ఎనిమిది తొమ్మిది ఉపజాతులున్నవని చాలకాలం చెప్పుచు వచ్చిరి. 2017లో ఒక నిపుణబృందం వాటిని రెండింటికి కుదింపవచ్చుననెను. 2018లో జన్యువులను పరిశీలించినవారు ఆరు శాఖలు స్పష్టంగా ఉన్నవనిరి. ఎందరు ఎన్ని చెప్పినను ఒకటి నిశ్చయం: ఉపజాతి నేలనుండి పుట్టును. కావున మొదట నేలను గీయవలెను; ఆ పిమ్మట దాని ఆహారాన్ని; చివరకు ఆ ప్రాణిని.

విమర్శించి ఊరకుండుట ఉపాధ్యాయధర్మం కాదు గనుక మేమే ఒక ఉపజాతిని ప్రతిపాదించుచున్నాము. దాని పేరు మాజందరానీ అజ్దహా.

ఫిరదౌసి 1010లో ముగించిన షాహ్‌నామాలో రుస్తుం మాజందరానుకు పోవు దారిలో ఏడు గండాలు దాటును. మూడవది అజ్దహా. రాత్రివేళ అది బయటికి వచ్చును. రఖ్ష్ అను గుర్రం యజమానిని లేపును. రుస్తుం కన్ను తెరచునప్పటికి అది చీకటిలో మాయమగును. రెండుసార్లు ఇట్లే జరిగి, నిద్ర చెడిన వీరుడు గుర్రంపైనే కోపించును. మూడవసారి గాని అది అతని కంటబడదు. ఇది నిప్పులు కక్కుచు ఆకాశాన విహరించే డ్రాగను కాదు. చూచినంతలో లేకుండా పోయే డ్రాగను. ఇది పులి గుణం కాదా!

కావ్యంలోని మాజందరాను, నేటి ఇరానులోని మాజందరాను ఒకటేనా అను విషయంలో పండితులలో భేదాభిప్రాయాలున్నవి. కాని ఆ పేరుగల కాస్పియన్ తీరాన నిజంగానే పులి ఉండెడిది. తూర్పు తుర్కీ నుండి అమూ దర్యా, సిర్ దర్యా నదుల రెల్లుపొదల మీదుగా బల్ఖాష్ సరస్సు వరకు అది సంచరించెడిది. అడవిపంది దాని ముఖ్యాహారం. వేటగాండ్రు దానిని చంపిరి. పత్తి పంట కొరకు నదీతీరాలను సాగుచేసి దాని ఇంటిని తీసివేసిరి. 20వ శతాబ్దం ముగియకముందే అది అంతరించినది.

ఆ పులిని తలచుకొని మా అజ్దహాను ఊహింతము. రెల్లుపొదలలో విశాలమైన రెక్కలు చిక్కుకొనును. కావున పొట్టి రెక్కలు, వీపుమీద మడచుకొనునవి. మడచినపుడు రెక్కమీది చార దేహంమీది చారతో అతుకు తెలియకుండ కలియవలెను. రెల్లు సన్ననిది గనుక చారలు సన్నగా, దగ్గరగా ఉండవలెను. చలికాలానికి మెడచుట్టూ దట్టమైన బొచ్చు. ఈదుటకు బలమైన పాదాలు. నిప్పు మాత్రం వలదు. ఎండురెల్లులో నివసించే ప్రాణి నిప్పు కక్కినచో తన కొంపకు తానే చిచ్చు పెట్టుకొన్నట్లగును. దాని శక్తి నిశ్శబ్దమే. ఇట్లు ఒక్కొక్క అవయవానికి ఒక్కొక్క కారణం చెప్పగలిగిననాడు అది బొమ్మ స్థాయిని దాటి ప్రాణి అగును.

మూడవ మాట అన్నిటికన్న ముఖ్యమైనది. ఈ ఆటలలో అరుదైన రంగుకు వెల ఎక్కువ. తెల్లని పిల్ల కొరకు, వింత చార కొరకు ఆటగాండ్రు పదేపదే జతలు కూర్తురు. ఈ కోరిక తెరమీదనే ఆగిన బాధ లేదు. నిజమైన పులుల విషయంలో ఏమి జరిగినదో చూడుడు. 1951లో రీవా మహారాజు మార్తాండ సింగ్ అడవిలో ఒక తెల్లని పులికూనను పట్టించి, మోహన్ అని పేరుపెట్టి, గోవింద్‌గఢ్ కోటలో పెంచెను. మామూలు ఆడపులితో జతపరచగా తెల్లని పిల్లలు పుట్టలేదు. అప్పుడు మోహన్‌ను దాని కూతురు రాధతోనే జతపరచిరి. 1958లో నాలుగు తెల్లని కూనలు పుట్టినవి. లోకం చప్పట్లు కొట్టినది. ఆ తెలుపు ఒక్క జన్యువులోని ఒక్క చిన్న మార్పు ఫలితమని 2013లో తేలినది. ఆ మార్పుతోపాటు కంటినుండి మెదడుకు పోవు నరాలు దారి తప్పుటచే పెక్కు తెల్లపులులకు మెల్లకన్ను ఉండును. రంగు కొరకు రక్తసంబంధీకులనే మరల మరల కలుపుటచే వచ్చిన ఇతర రోగాలు దానికి అదనం. ఒడిశాలోని సిమిలిపాల్ అడవిలో నల్లచారలు ఒకదానితో ఒకటి కలిసిపోయిన పులులున్నవి. వాటి వింతరూపానికి జన్యుకారణాన్ని 2021లో భారతీయ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఇతర అడవులతో సంబంధం తెగి, ఒంటరియైన చిన్న సమూహంలో ఆ లక్షణం పెరిగినదని వారు చెప్పిరి. మనము అబ్బురపడి చూచునది నిజానికి ఆ పులుల ఏకాకితనం.

ఫ్లైట్ రైజింగ్ ఆటలో ఐదు తరాల లోపు బంధుత్వమున్న డ్రాగన్లను జతపరచుటకు వీలులేదు. పిల్లల ఆట పాటించిన నియమాన్ని రాజులూ జంతుప్రదర్శనశాలలూ పాటింపకపోవుట శోచనీయం. మా ఉపజాతికి మేము ఇంకొక నియమం చేర్తుము: తెల్లని మాజందరానీ పుట్టవచ్చును, కాని అది రెల్లులో దాగలేదు, వేట దొరకక తరచు ఆకలితో ఉండును, దానిని పెంచువాడు తన ఆట సమయంలో ఎక్కువ భాగం దాని తిండికే వెచ్చింపవలెను. అరుదైనదానికి వెల ఉండవచ్చును. ఆ వెల చెల్లించునది ఎవరో ఆటగాడు చూడవలెను.

ఇదంతయు ఆటబొమ్మ గురించియే గదా అని కళాశాల సంఘ సభ్యులు అనవచ్చును. కజక్‌స్తానులో ఇపుడు జరుగుచున్నది వినుడు. బల్ఖాష్ సరస్సు సమీపాన ఇలి నదీతీరంలో అక్కడివారు మొదట నదీవనాలను తిరిగి పెంచిరి. తర్వాత జింకలను తెచ్చి విడిచిరి. ఆ పిమ్మటనే, 2024లో, నెదర్లాండ్స్ నుండి రెండు ఆమూర్ పులులను తెచ్చిరి. కాస్పియన్ పులికి మిక్కిలి దగ్గరి బంధువు ఆమూర్ పులియే అని 2009లో జన్యుపరిశీలన తేల్చినది. ఆ జంట సంతానాన్ని అడవిలో విడువవలెనని వారి సంకల్పం. మొదట నేల, పిదప ఆహారం, చివరకు మృగం – కాగితంమీద మేము చెప్పిన క్రమమే అచ్చట భూమిమీద అమలగుచున్నది. చిత్రించునపుడు ఈ క్రమం అలవడిన విద్యార్థి రేపు ఉద్యోగంలో ఒక అడవిని గురించి నిర్ణయం చేయవలసివచ్చినపుడు దానిని మరువడు.

కావున సంఘానికి మా మనవి ఇది. వారానికొక సాయంకాలం ఇట్టి విద్యార్థులకు కంప్యూటరు గదిని ఇవ్వవలెను. జంతుశాస్త్ర ఉపన్యాసకులు పులి దేహాన్ని, ఉర్దూ ఉపన్యాసకులు షాహ్‌నామా కథను, తెలుగువారమైన మేము యాళిని వారికి పరిచయం చేయుదుము. ఉత్తమమైన కల్పనను వచ్చే సంచికలో ప్రచురింపవచ్చును. విద్యార్థులకు రెండే షరతులు: కుంచె పట్టకముందు నేల, ఆహారం, శత్రువు, వంశం – ఈ నాల్గింటిని ఒక పుటలో వ్రాయవలెను, ఆటలో అరుదైన రంగు కొరకు తల్లిదండ్రుల కష్టార్జితాన్ని ఒక్క రూపాయి కూడ వెచ్చింపరాదు.

2022 గణన ప్రకారం మన దేశంలో సుమారు 3,682 పులులున్నవి. కొన్ని మన నల్లమలలోనే ఉన్నవి. మాజందరాను పులి ఇక బొమ్మలలోనే బ్రతుకవలెను. నల్లమల పులికి ఆ గతి పట్టరాదు. విద్యార్థులారా, మీ అజ్దహాకు చారలు దిద్దునపుడు ఆ చారలను అరువిచ్చిన మృగం ఇంకను సజీవంగా ఉన్నదన్న స్పృహ మీకుండవలెను.